డాక్టరమ్మ వెళ్ళిపోయిన మంగళవారం

నేను బతికి బయటపడ్డందుకు మా ఊళ్ళో తలా ఇంత పేరు పంచుకున్నారు, నా కడుపు కోసి కుట్టిన డాక్టరమ్మకు తప్ప. నల్లపోచమ్మ తల్లి కాపాడిందని మా అత్త అంటుంది. తను నూరి పోసిన మూలికలకే లోపల కదలిక వచ్చిందని మంత్రసాని అంటుంది. మా ఆయన్ని అడిగితే ఎవరినీ నొప్పించకుండా "అన్నీ కలిసొచ్చినయ్" అంటాడు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే రాస్తున్నాను. మా నాయిన మనూరు పక్క ఊళ్ళో పిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులు. నాకూ నేర్పాడు. నేర్చుకున్న అక్షరాలు ఇట్లాంటప్పుడు కూడా పనికి రాకపోతే అవి ఎందుకు?

ఒళ్ళు కోలుకుంది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

దసరా

పెళ్ళయి ఏళ్ళు గడిచినా నాకు పిల్లలు కలగలేదు. మా అత్త బోరంచ నల్లపోచమ్మకు మొక్కింది, కోడలు కడుపు పండితే మేకపోతును ఇస్తానని. మొక్కిన మరుసటి ఏడు దసరాకు నా పొట్ట కొంచెం ఎత్తుగా కనబడింది. అందరికంటే ముందు అత్త కళ్ళకే కనబడింది.

"నెల తప్పినవా, మాణెమ్మా?"

"తప్పలే అత్తా. అటిటు అయితున్నది గని, తప్పలే."

"నీకు తెల్వదు, ఊకో. కొందరికి కడుపుతోని ఉన్నా ముట్టు కనబడ్తది."

ఈ "నీకు తెల్వదు" అనే మాట ఆ ఏడాది నేను తిన్న అన్నం కంటే ఎక్కువసార్లు విన్నాను. మంత్రసాని వచ్చి అదిమి చూసి కడుపే అంది. అన్నందుకు ఆమెకు కొత్త రైక ముట్టింది. కాదంటే ఏం ముట్టేదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

మా ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. మొక్కితే వచ్చిన కడుపు అమ్మవారి సొత్తు. ఆ మొక్కు చెల్లేదాకా ఆడమనిషి ఊరి పొలిమేర దాటకూడదు, పరాయి చెయ్యి ఆ కడుపు మీద పడకూడదు. హకీము గానీ, డాక్టరు గానీ, ఎవరికీ చూపకూడదు. మంత్రసాని అదిమి చూడొచ్చు, ఆమె ఊరి మనిషి కదా! అంటే నాకు తెలిసిన సంగతి ఎవరూ నమ్మరు, తెలియజెప్పగల వాళ్ళ దగ్గరికి నన్ను పోనివ్వరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒకరోజు మా ఆయనతో చెప్పాను, "నాకు లోపల బిడ్డ ఉన్నట్టు అనిపిస్తలేదయ్యా" అని.

"ఇంతకుముందు ఎన్నడన్న కన్నవా? ఎట్ల తెలుస్తది నీకు?" అన్నాడు. మంచివాడే. గొంతు పెంచి ఎరగడు. కానీ అమ్మ ఒక మాటంటే ఆ మాట మీద ఇంకో మాట వేయడం కూడా ఎరగడు.

మాఘం

కన్నడ వాళ్ళతో కలిసిమెలిసి ఉండే ఊళ్ళు మావి. శ్రీమంతం గట్టిగా చేస్తారు. నాకు ఆకుపచ్చ చీర కట్టారు, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు వేశారు, తలనిండా పూలు పెట్టారు. పక్కింటి నర్సవ్వ నా చెవి దగ్గర వంగి "కదులుతున్నదా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అత్త "రాత్రంత తంతనే ఉన్నదట! మగపిలగాడే!" అంది. కదలని బిడ్డ తన్నిందని నా ముందరే చెబుతుంటే నేను నోరెళ్ళబెట్టి చూశాను. నా నోట్లో ఎవరో లడ్డు పెట్టారు.

అబద్ధమెందుకు, ఆ ఆకుపచ్చ చీరలో కూర్చుని పాటలు వింటుంటే నాక్కూడా కాసేపు నమ్మబుద్ధయింది. ఏమో, నాకే తెలియదేమో అనుకున్నాను. ఆ సాయంత్రం చీర విప్పుతుంటే పొట్ట ఒక పక్కకు, రాయి మూట కట్టినట్టు జారింది. బిడ్డ అట్లా జారదు. ఒంటరిగా గోడకు ఆనుకుని ఏడ్చాను.

రోహిణి ఎండలు

ఉగాది వచ్చిపోయింది. నొప్పులు రాలేదు. పొట్ట మాత్రం ఆగలేదు. "ఏనుగు రెండేండ్లు మోస్తది, తొందరేంది?" అన్నారు ఊళ్ళో వాళ్ళు. నేను ఏనుగును కాదు కదా అంటే నవ్వారు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ధాన్యం గుమ్మికి వీపు ఆనించి కూర్చునే కునుకు తీసేదాన్ని. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. చేతులు జొన్నకట్టెల్లాగా అయ్యాయి. చనిపోతానని భయం లేకపోలేదు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉండేది. లోపల ఏముందో ఎవరికీ తెలియకుండానే నన్ను తగలబెట్టేసి, "బిడ్డను కనలేక పోయింది పాపం" అంటారేమోనని.

మా నాయిన చూడటానికి వచ్చాడు. గడపలోనే నిలబడిపోయాడు. చెప్పులు కూడా విడవలేదు.

"ఏందమ్మా గిట్లయినవ్?" అన్నాడు. తర్వాత మా అత్త వైపు తిరిగాడు. "వదినా, నా బిడ్డను నేను ఖేడ్ దవాఖానకు తీస్కపోత."

"పొలిమేర దాటొద్దు అన్నా. అమ్మవారి సొత్తు."

"అమ్మవారి సొత్తయితే అమ్మవారినే మోసుకొమ్మను. నా బిడ్డ మోస్తలేదు, చస్తున్నది."

మా నాయిన గొంతు అట్లా లేవగా నేను ఎన్నడూ వినలేదు. పిల్లలను బెత్తంతో బెదిరించడం కూడా చేతకాని మనిషి. అత్త గడపకు అడ్డం కూర్చుంది. మా ఆయన నీళ్ళ గోళెం దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. నేను గుమ్మిని పట్టుకుని లేచి, "నేను పోత. అడ్డమున్నోళ్ళు లేవాలె" అన్నాను. ఆ ఇంట్లో నా మాట ఒకటి నెగ్గడం అదే మొదలు.

బండి ఊరు దాటిందో లేదో వెనక నుంచి కేక వినబడింది. చూస్తే మా అత్త! నెత్తిన గిన్నెల మూట, చంకలో నీళ్ళ బింద, ఆమె వెనకే మా ఆయన. "వద్దంటున్నా పోతున్నరు గద, మరి వండిపెట్టేదెవరు?" అని కసురుకుంటూ బండెక్కింది. దారంతా నన్ను తిడుతూనే నా తల తన ఒడిలో పెట్టుకుంది. ఇట్లాంటి మనిషి మీద ఎట్లా కోపం తెచ్చుకోవాలో, ఎట్లా కోపం మానాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నారాయణఖేడ్‌లో అప్పట్లో చర్చి పక్కన చిన్న దవాఖాన ఉండేది. అందులో సుగుణ డాక్టరమ్మ అని గుంటూరు వైపు ఆమె ఉండేది. సన్నటి మనిషి, తెల్లచీర, ప్రతి మాట చివర "అండీ". వరండాలో కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నన్ను "ఎన్నో నెల?" అని అడిగారు. మొదటి ఇద్దరికీ జవాబు చెప్పాను. తర్వాత మొహం గోడకు తిప్పుకున్నాను.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. పొట్ట మీద చెయ్యి వేయకముందే అడిగింది:

"మాణెమ్మగారూ, మీకేమనిపిస్తోందండీ?"

నేను పుట్టాక నన్నెవరూ గారూ అనలేదు. దానికంటే ముఖ్యం, ఆ ఏడాది మొత్తంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు ఏడుపు వచ్చింది. ఆమె తొందరపెట్టకుండా కూర్చుంది. తర్వాత అదిమి చూసింది, గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"బిడ్డ కాదండీ. గడ్డ. తీసెయ్యాలి."

మా అత్త లోపలికి దూసుకొచ్చింది. "గడ్డ ఏంది? అమ్మవారి బిడ్డ! చెయ్యి తియ్యి!"

"అమ్మా, నేను విన్నాను. లోపల ఇంకో గుండె లేదు."

"నీకు వినబడనియ్యది. అమ్మవారు దాచిపెట్టింది."

డాక్టరమ్మ ఆమెతో వాదించలేదు. నా వైపు తిరిగి, "కోస్తే ప్రమాదం ఉంది. కొయ్యకపోతే ఇంకా ఎక్కువ ప్రమాదం. బతికిస్తానని మాట ఇవ్వలేను. మీరేమంటారు?" అంది. మాట ఇవ్వలేనన్నందుకే నాకు ఆమె మీద గురి కుదిరింది. అప్పటిదాకా నా చుట్టూ ఉన్నవాళ్ళంతా మాటలు ఇచ్చినవాళ్ళే.

"తియ్యి" అన్నాను. మా ఆయన్ని చూశాను. నేల చూపులు చూస్తూనే "ఆమె చెప్పినట్టు చెయ్యమ్మా" అన్నాడు.

వెంటనే అయిపోలేదు. పెద్ద యుద్ధం రోజులు, అన్నిటికీ కరువు. మత్తుమందు పట్నం నుంచి రావాలి, దానికి మోటారు బస్సు రావాలి. ఇవాళ రేపు అంటూ వరండాలో ఎదురుచూపులు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళదీ అదే ప్రశ్న, ఎన్నో నెల అని. పక్క మంచంలో కల్హేర్ నుంచి వచ్చిన ఒక ముసలి బీబీ ఉండేది. నా బదులు ఆమే కసిరేది, "పరేషాన్ చెయ్యకున్రి, పోన్రి అవతలికి!" అని. ఎండ మండుతుంటే తన విసనకర్రతో నాకు విసిరేది. మా అత్త దవాఖాన నీళ్ళు ముట్టలేదు, దవాఖాన నీడలో కూర్చోనన్నది. బయట మూడు రాళ్ళు పెట్టి నాకు గంజి కాచేది, వరండా చివర చాప మీద పడుకునేది. డాక్టరమ్మ రోజూ ఆమె పక్కనుంచే పోయేది. అత్త మొహం తిప్పుకునేది.

కోసే రోజు గురించి నాకు తెలిసింది తక్కువ. ముక్కు మీద గుడ్డ, తియ్యటి ఘాటు వాసన. ఏదైనా వచ్చింది చెప్పండి అంటే పంతులు బిడ్డను కనుక ఎక్కం మొదలుపెట్టాను. పదమూడో ఎక్కంలో ఎక్కడో నేల జారిపోయింది. లేచేసరికి పొట్ట లేదు. చెయ్యి పెట్టి వెతుక్కున్నాను.

తీసినదాన్ని డాక్టరమ్మ మా వాళ్ళకు చూపించింది. కాళ్ళూ చేతులూ ఎక్కడైనా ఉన్నాయేమో చూడమంది. మా అత్త చాలాసేపు చూసి, బయటికి వచ్చి, "పోచమ్మ పరీక్ష పెట్టింది" అంది. అంతే! నేను చెప్పింది నిజమైందని ఒక్క మాట లేదు. నేను మాత్రం ఆ సాయంత్రం బిడ్డ పోయిన తల్లి ఏడ్చినట్టే ఏడ్చాను. లేని బిడ్డ కోసం ఎందుకేడుస్తున్నానో నాకే సిగ్గేసింది. డాక్టరమ్మ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఊరుకోమని చెప్పలేదు. "ఒక పక్క అండాశయం బాగానే ఉందండీ. పిల్లలు పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు. నాకు తెలియదు" అంది.

ఆషాఢం

వానలు పడ్డాక ఇంటికొచ్చాను. బింద ఎత్తొద్దు, వంగొద్దు, రెండు నెలలాగి ఒకసారి వచ్చి చూపించుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త బింద ముట్టనివ్వలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చూడవచ్చిన ప్రతి మనిషికీ పోచమ్మ మహిమ చెప్పింది. నేను "డాక్టరమ్మ కోసింది" అంటే, "ఆమె చేతికి బలమిచ్చిందెవరు?" అనేది. నాలుగోసారికి నేను చెప్పడం మానేసి, వచ్చినవాళ్ళ ముందర నుంచి లేచి పోవడం మొదలుపెట్టాను. పొగరు పెరిగిందన్నారు.

బిడ్డ పుట్టలేదు కదా, మొక్కు పోయినట్టే అనుకున్నాను. కాదట. కోడలు దక్కింది కాబట్టి మేకపోతును ఇవ్వాల్సిందేనట. అది ఇచ్చేదాకా మళ్ళీ పొలిమేర దాటొద్దట.

శ్రావణం

మా నాయిన కబురు తెచ్చాడు. డాక్టరమ్మ తల్లికి వాళ్ళ ఊళ్ళో జబ్బు చేసిందట. ఉద్యోగం వదిలి మంగళవారం మోటారుకు వెళ్ళిపోతుందట, ఇక రాదట. మా మొక్కు కూడా ఆ మంగళవారానికే పెట్టుకున్నారు.

"మొక్కు వచ్చే వారం చేసుకుందాం. నేను ఆమెను చూడాలె" అన్నాను.

"అమ్మవారికి చెప్పిన దినం మారుస్తమా?" అంది అత్త.

మా ఆయన ఎప్పటిలాగే నడుమ దారి వెతికాడు. "పొద్దుగాల్నే బోరంచ పోదాం, జల్దీ మొక్కు తీర్చుకొని, అటునుంచి అటే ఖేడ్ పోదాం. మోటారు కదిలేది పగటీలికి, పొద్దు నడినెత్తికొచ్చినంక గద." సరేనన్నాను. డాక్టరమ్మతో చెప్పాల్సిన మాటలు ముందురోజు నుంచే మనసులో పేర్చుకున్నాను. ఎవరూ విననిది నువ్వు విన్నవు, అని మొదలవుతాయి. మిగతావి ఇక్కడ రాయను.

బోరంచలో పసుపు పూసి, వేపమండ కట్టి, మేకపోతు మీద నీళ్ళు చల్లారు. అది ఒళ్ళు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించదే! చెవులు కూడా కదపలేదు. మళ్ళీ చల్లారు. నా వైపు చూసి నింపాదిగా నెమరు వేసింది. పొద్దు ఎక్కుతోంది. అక్కడ మోటారు కదిలిపోతుందేమోనని నా ప్రాణం కొట్టుకుంటోంది.

గుడి దగ్గర ఉండే పెద్దామె, "ఇంట్ల ఎవరో ఏదో దాస్తున్నరు. అందుకే తల్లి తీస్కుంటలేదు" అంది. ఇంకేముంది, అందరి కళ్ళూ నా మీదకే. నేను మనసులో డాక్టరమ్మను పెట్టుకున్నానట, అందుకేనట. "అవును, పెట్టుకున్న! దాస్తలేను, మొత్తుకుంటున్న!" అని అరిచాను. గుళ్ళో అరవకూడదని మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. విదిలించేశాను. మేకపోతు తప్ప అందరం విదిలించుకుంటున్నాం అక్కడ.

మా అత్త మాత్రం ఒక్క మాట అనలేదు. అది వింతే. నన్ను అనడానికి ఇంతకంటే మంచి సమయం ఆమెకు దొరకదు. పసుపు గిన్నె కింద పెట్టింది. అమ్మవారి ముందుకు పోయి, నేలకు తల ఆనించి ఏదో గొణిగింది. లేచి తనే నీళ్ళు చల్లింది. మేకపోతు తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది.

వాగు దాటి ఖేడ్ చేరేసరికి మోటారు ఇంకా కదల్లేదు. అది బొగ్గు మోటారు. వెనక డబ్బాలో బొగ్గు రాజేసి, చక్రం తిప్పి తిప్పి పొగ పుట్టిస్తే తప్ప కదలదు. ఆ రోజు ఆ పాడు మోటారును చూసి నేను పడ్డ సంతోషం ఇంకెవరూ పడి ఉండరు. మా నాయిన అక్కడే ఉన్నాడు. డాక్టరమ్మ మోటారు మెట్టు దగ్గర, రేకు పెట్టె పక్కన నిలబడి ఉంది.

"మాణెమ్మగారూ! నొప్పి ఏమైనా ఉందాండీ?"

"లేదు. నేను నీకొక మాట చెప్దామని..." అని నేను మొదలుపెట్టాను. అంతలో మా అత్త నన్ను భుజంతో పక్కకు నెట్టింది. నిజంగానే నెట్టింది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాక్కుపోయింది. నేనూ వెనకే పోయాను.

"నాగ్గూడ ఉన్నది, బిడ్డా" అంది అత్త. "ఈడ." కొంగు కిందికి డాక్టరమ్మ చెయ్యి తీసుకుపోయి రొమ్ము మీద పెట్టింది. "ఎవరికి చెప్పలే. పోయిన జొన్నకోతలప్పటి సంది ఉన్నది. అమ్మవారికి మాటిచ్చిన, ఇయ్యాల చెప్తనని."

నాకు దవాఖాన గుర్తొచ్చింది. వరండా చివర చాప మీద పడుకున్నన్ని రోజులూ ఆ గడ్డ ఆమె దగ్గరే ఉంది. డాక్టరమ్మ రోజూ పక్కనుంచే పోయింది. నా పొట్ట మీద ఎవరి చెయ్యీ పడనివ్వని మనిషి, తన ఒంటి మీద తన చెయ్యి కూడా పడనివ్వకుండా ఇన్నాళ్ళు తిరిగింది. "ఎందుకు చెప్పలే అత్తా? ఎందుకు?" అని అరుస్తున్నాను నేను. ఏడుస్తున్నాను కూడా.

"నీ సంగతి తేలనీ అని" అంది.

డాక్టరమ్మ చూడటం ముగించి, చీర సర్ది, "అమ్మా, మోటారెక్కండి. నేను పట్నం మీదుగానే పోతున్నాను. పెద్ద దవాఖానలో నాతో చదివినామె ఉంది. ఇవాళే చూపిద్దాం. ఆలస్యం పనికిరాదు" అంది. మా అత్త వెనుదిరిగి చూడకుండా మోటారెక్కింది. మా ఆయన మొదటిసారి ఎవరినీ అడగకుండా ఆమె వెనక ఎక్కాడు. మోటారు దగ్గి, పొగ కక్కి కదిలింది. కిటికీలోంచి డాక్టరమ్మ నాకేదో చెబుతూ చెయ్యి ఊపింది. మోటారు మోతలో వినబడలేదు. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అంత దూరం వచ్చి, మేకపోతుతో పోట్లాడి వచ్చి, దుమ్ములో నిలబడి మోటారు వెనక భాగం చూశాను. ఆ కోపం ఎవరి మీద చూపాలో ఇప్పటికీ తెలియదు.

అత్తకు పట్నంలో కోశారు. కార్తీకంలో తిరిగొచ్చింది. నోరు మాత్రం అక్కడ వదిలి రాలేదు. ఆమె కథ ఆమెది, చెప్పుకోవాలనిపిస్తే ఆమే చెప్పుకుంటుంది. నేను ఆ మంగళవారం సాయంత్రం సంగతి చెప్పి ఆపుతాను.

మా నాయిన బండి తోలి నన్ను ఇంటి దగ్గర దించాడు. పక్కింటి నర్సవ్వ వచ్చి, "మీ అత్త ఏది?" అని అడిగింది. చుట్టాలింటికి పోయిందని చెప్పొచ్చు. మా ఇళ్ళల్లో అట్లాగే చెబుతారు.

"రొమ్ముల గడ్డ ఉన్నదట. డాక్టరమ్మతోని పట్నం పోయింది" అన్నాను. వీధికి వినబడేట్టే అన్నాను.

నర్సవ్వ కొంగు సర్దుకుంది. వెళ్ళబోయి, మళ్ళీ గడప దగ్గర ఆగింది.

"డాక్టరమ్మ మల్ల ఎప్పుడొస్తది?"

"ఇగ రాదు. ఎందుకు?"

"ఊకనే అడిగిన."

ఊరికే అడిగిన మనిషి గడప పట్టుకుని అంతసేపు నిలబడదు. నేను లేచి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తలుపు వేసి అడిగాను.

"ఎక్కడ?"